కంపెనీ స్టీరియో పీకకుండా కార్లో సౌండు బాగుచేసుకోవచ్చా?

మలికిపురం కుర్రాడు:

నమస్తే అండి అందరికీ. నాది 2023లో కొన్న హ్యాచ్‌బ్యాక్, మధ్య రకం వేరియంట్. 7 అంగుళాల టచ్ స్క్రీన్ బండితోనే వచ్చింది, నాలుగు డోర్లకీ నాలుగు స్పీకర్లు. ట్వీటర్లు (సన్న శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు) పై వేరియంట్‌కే ఇచ్చారు, నాకు ఆ చోట ఉత్త ప్లాస్టిక్ మూత బిగించి సరిపెట్టారు. ఉద్యోగం భీమవరంలో. రోజూ దిండి మీదుగా చించినాడ వంతెన దాటి పాలకొల్లు, అక్కణ్ణుంచి భీమవరం, సాయంత్రం మళ్లీ అదే దారి. బండిలో ఉన్నంతసేపూ పాటలే తోడు, అందుకే ఇంత గోల.

కంపెనీ స్పీకర్లు పీలగా ఉన్నాయని పోయిన సంక్రాంతికి ముందు డోర్లవి రెండూ మార్పించాను. ఆరున్నర అంగుళాలవి, జత 3,400, బిగించినందుకు ఇంకో 500. పెట్టె మీద 300 వాట్లు అని పెద్దక్షరాలతో ఉంది. వింత ఏంటంటే, బిగించాక ట్రెబుల్, అంటే సన్న శబ్దం, బానే వస్తోంది కానీ బాస్ ముందుకంటే తగ్గిపోయింది. పాతవే నయమనిపిస్తోంది. బాస్ పెంచితే డోరు గరగరలాడుతుంది, వాల్యూమ్ 40లో 28 దాటితే పాట మొత్తం చిరిగిన బట్టలా అయిపోతుంది. మా నాన్నగారు కారెక్కితే పాత ఘంటసాల పాటలే పెట్టమంటారు, ఈ మధ్య రెండుమూడు సార్లు "గొంతు ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టుందేంట్రా, మన పాత రేడియోలో ఇంతకంటే నిండుగా వచ్చేది" అన్నారు. పెద్దాయన, చెవులు మందగించాయేమో అనుకుని ఊరుకున్నాను.

షాపులో అడిగితే "ఆ స్క్రీను తీసేసి 10 అంగుళాల ఆండ్రాయిడ్ సెట్ వేసేద్దాం" అంటున్నారు. నాకది ఇష్టం లేదు. స్టీరింగ్ బటన్లు, రివర్స్ కెమెరా అన్నీ దీనికే కలిసి ఉన్నాయి, వారంటీ కూడా పొడిగించుకున్నాను. స్టీరియో అలాగే ఉంచి 15 వేల లోపు ఏం చేయొచ్చో తెలిసినవాళ్లు చెప్పండి.


లాకుల వీధి బాబాయ్:

స్టీరియో ఆపేసి అద్దాలు దించుకో అబ్బాయ్. కాలవ గట్టు మీద పొద్దున్నే వచ్చే చప్పుళ్లకి ఏ స్పీకరూ సాటి రాదు. ఖర్చు సున్నా. ఆయ్.


వైరింగ్ మాస్టారు:

బాబాయ్ గారి మాట అటుంచు తమ్ముడూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను ముప్ఫై ఏళ్లు మైక్‌సెట్లు కట్టినవాణ్ణి, ఇప్పుడు రావులపాలెం దగ్గర కార్ల వైరింగ్ పనులు చూసుకుంటున్నాను. నీ నాన్నగారి చెవులకి ఏమీ కాలేదు. ఇక్కడ అందరికంటే సరిగ్గా పట్టుకున్నది ఆయనే.

కొత్త స్పీకర్లు వేశాక బాస్ తగ్గిందన్నావు చూడు, అది నూటికి తొంభైసార్లు ఒకటే కారణం. రెండిట్లో ఒక స్పీకరుకి ప్లస్సూ మైనస్సూ తారుమారుగా కలిపారు. అప్పుడు కుడివైపు స్పీకరు అట్ట బయటికి తోసినప్పుడు ఎడమవైపు అట్ట లోపలికి లాక్కుంటుంది. ఇది గాలిని నెడితే అది మింగేస్తుంది. సన్న శబ్దాలకి పెద్దగా తెలియదు, బాస్ మాత్రం ఎగిరిపోతుంది. పాత పాటలైతే ఇంకా ఘోరం, ఎందుకంటే ఆ రోజుల్లో రికార్డింగ్ అంతా మోనో, రెండు స్పీకర్లలోనూ అచ్చం ఒకటే సరుకు వస్తుంది, అందుకే ఒకదాన్నొకటి బాగా కొట్టేసుకుంటాయి, గొంతు మధ్యలో నిలబడకుండా ఎటో పోతుంది. నూతిలోంచి అన్నారే, అదీ సంగతి.

డోరు విప్పక్కర్లేకుండా ఇవాళ రాత్రే చూసుకో. బండి ఆపి, స్టీరియో సెట్టింగ్స్‌లో ఫేడర్ పూర్తిగా ముందుకి జరుపు, వెనకవి మూగబోవాలి. బాస్ ఉన్న పాటేదైనా పెట్టు. బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకి తిప్పి విను, తర్వాత పూర్తిగా కుడికి, తర్వాత మధ్యలో. ఒక్క స్పీకరు మోగినప్పటికంటే రెండూ మోగినప్పుడు బాస్ పెరగాలి కదా. తగ్గిందా, వైర్లు తారుమారే.

ఇక ఆ 300 వాట్ల సంగతి. ఆ అంకె చూసి ఎవరూ కొనకండి బాబూ. స్పీకరు తనంతట తాను ఏ వాట్లూ పుట్టించదు, ఇచ్చింది తింటుంది. నీ స్టీరియో ఇచ్చేది ఎంతో లెక్క చెప్తాను. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర సుమారు 14 వోల్టులు. లోపలి చిన్న యాంప్లిఫైయర్ చిప్ ఆ 14కి మించి ఊగలేదు. పాట అంటే అల కాబట్టి దాని సగటు లెక్కలో 10 వోల్టులు, 10ని 10తో హెచ్చించి స్పీకరు నిరోధం 4 ఓమ్‌లతో భాగిస్తే 25 వాట్లు. చిప్ తన వాటా తాను తినేశాక శుభ్రంగా వచ్చేది 18, మహా అయితే 20. మరి స్టీరియోల మీద "50 వాట్లు, నాలుగు ఛానెళ్లు" అని ఎందుకు రాస్తారంటావా, 14ని 14తో హెచ్చించి 4తో భాగించు, 49 వస్తుంది. అంటే అల తల, అడుగు రెండూ కోసేసి గోడలా నిలబెట్టినప్పుడు వచ్చే అంకె అది. ఆ అంకె దగ్గర పాట పాటలా ఉండదు. నువ్వు 28 దాటితే చిరిగిపోతోందన్నది అదే, చిప్ అక్కడికి చేతులెత్తేస్తోంది.

కాబట్టి స్టీరియో ఉంచుకునేవాడు చూడాల్సింది సెన్సిటివిటీ. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డీబీ (డెసిబెల్, మోతని కొలిచే లెక్క) మోగుతుందో ఆ అంకె. 88 డీబీ స్పీకరుకి 20 వాట్లు ఇస్తే వచ్చే మోత 91 డీబీ స్పీకరుకి 10 ఇస్తే వస్తుంది. మూడు డీబీ తేడా అంటే కరెంటు సగానికి సగం. ఇందులోనూ ఒక మతలబు ఉంది, కొందరు ఒక వాటుకి కాకుండా 2.83 వోల్టులకి కొలిచి రాస్తారు, 4 ఓమ్‌ల స్పీకరుకి అది రెండు వాట్లు, అంటే అంకె ఊరికే 3 పెరుగుతుంది. పెట్టె వెనక చిన్నక్షరాలు చదువు. 2 ఓమ్‌లవి ఎవరైనా అంటగట్టబోతే కూడా వద్దను, కంపెనీ చిప్ ఆ బరువు మోయడానికి చేసింది కాదు.

ముందు ఆ టెస్టు చేసి రా, తర్వాత మాట్లాడదాం. రూపాయి ఖర్చు పెట్టకు.


తణుకు డీఎస్పీ:

మాస్టారూ వైర్ల సంగతి ఒప్పుకుంటా కానీ, వైర్లు సరిచేసినంత మాత్రాన ఈయన బాధ తీరదండి. చాలా కంపెనీ స్టీరియోలు వాల్యూమ్ పెంచేకొద్దీ వాటంతట అవే బాస్ తగ్గించేస్తాయి, చవక స్పీకర్లు చిరిగిపోకుండా. ఎంత మంచి స్పీకరు వేసినా దానికందేది కోసేసిన పాటే.

నా బండిలో కంపెనీ స్క్రీను అలాగే ఉంది, దాని స్పీకరు వైర్ల నుంచే సిగ్నల్ తీసుకునే డీఎస్పీ యాంప్ సీటు కింద పెట్టాను. డీఎస్పీ అంటే పోలీసాయన కాదండి, పాటని డిజిటల్‌గా సరిదిద్దే చిప్, యాంప్ అంటే సౌండు పెంచే యాంప్లిఫైయర్. అది ఆ కోతని కొలిచి వెనక్కి నింపుతుంది. అసలు మజా టైమ్ అలైన్‌మెంట్‌లో ఉంది. మనం కుడివైపు కూర్చుంటాం, కుడి స్పీకరు మోకాలి పక్కన, ఎడమది దానికంటే అరమీటరు దూరం. శబ్దం ఒక మిల్లీసెకనులో 34 సెంటీమీటర్లు పోతుంది, అంటే ఎడమది ఒకటిన్నర మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. కుడిదాన్ని అంతసేపు ఆపి వదిలితే రెండూ ఒకేసారి వస్తాయి, గొంతు లేచొచ్చి డాష్‌బోర్డు మీద కూర్చుంటుంది. మొదటిసారి విన్నప్పుడు నేను బండి పక్కకి ఆపేశాను, నమ్మండి.

నాకు మొత్తం 38 వేలు అయింది. బడ్జెట్ పెంచుకోగలిగితే ఇదే దారి.


వైరింగ్ మాస్టారు:

నువ్వు చెప్పిందాంట్లో తప్పు లేదయ్యా, కానీ అతను 15 వేలు అన్నాడు, నువ్వు 38కి తీసుకెళ్లావు. పైగా డోరే సరిగ్గా లేనివాడికి డీఎస్పీ ఇస్తే, గండి పడ్డ కాలవకి కొత్త లాకులు కట్టినట్టు ఉంటుంది. ముందు గండి పూడ్చాలి.

సరే, ఎటూ మాట వచ్చింది కాబట్టి యాంప్ పెట్టుకునేవాళ్లకి ఒక్కటే చెప్తాను, ఇది సౌండు గురించి కాదు, ప్రాణం గురించి. బ్యాటరీ నుంచి వచ్చే ప్లస్ వైరుకి బ్యాటరీకి దగ్గర్లోనే, జానాబెత్తెడులో, మహా అయితే 45 సెంటీమీటర్ల లోపు ఫ్యూజు ఉండాలి. యాంప్ పక్కన ఫ్యూజు ఉంది కదా అంటారు, అది యాంప్‌ని కాపాడుతుంది, వైరుని కాదు. మధ్యలో ఎక్కడో రేకు అంచుకి వైరు ఒరుసుకుని తొక్క పోయిందనుకో, ఫ్యూజు లేకపోతే అక్కడే అంటుకుంటుంది. ఇంకా, రాగి అని చెప్పి అల్యూమినియం మీద రాగి పూత పూసిన వైరు అమ్ముతున్నారు, కొనను చాకుతో గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే అదే. అది వాడకూడదని కాదు, వాడితే ఇంకా లావుది వాడాలి. మన ఉప్పుగాలికి దాని కొసలు తొందరగా పాడైపోతాయి, నా అనుభవం. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ స్పీకర్లో కుయ్‌మని రాగం పెరిగితే ముందు ఎర్త్ చూడండి, పెయింటు గీకి ఉత్త రేకుకి బిగించారో లేదో.


మలికిపురం కుర్రాడు:

మాస్టారూ!! ఇప్పుడే కొబ్బరితోట పక్కన బండి ఆపి చూశాను. ఎడమది ఒక్కటే మోగితే డోరు అదురుతోంది. కుడిది ఒక్కటే మోగినా అంతే. మధ్యలోకి తెస్తే బాస్ మాయం. పది సార్లు అటూ ఇటూ తిప్పాను, నమ్మబుద్ధి కాలేదు. పది నెలల నుంచి ఇలాగే వింటున్నానా నేను??

ఆ షాపు పేరు రాయనులెండి, గొడవెందుకు. కానీ 500 తీసుకుని ఒక వైరు తిరగేసి కలిపారు చూడండి.

ఇప్పుడు డోరు విప్పాలా? నేనే విప్పుకోవచ్చా, ఏమైనా విరిగిపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.


వైరింగ్ మాస్టారు:

నువ్వే విప్పుకోవచ్చు. ఈ తుపాను ముసురు వదిలి రెండు రోజులు ఎండ కాశాక మొదలుపెట్టు, తడి డోరులో చేయి పెట్టకు. ఎలాగూ విప్పుతున్నావు కాబట్టి ఒకేసారి డోరు పని కూడా కానిచ్చెయ్, అందుకే వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

డోరు ప్యాడ్ మామూలుగా రెండుమూడు స్క్రూల మీద, చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పుల మీద ఉంటుంది. లోపలి హ్యాండిల్ గుంటలో చిన్న మూత కింద ఒక స్క్రూ దాక్కుంటుంది, తెలియనివాళ్లు అది తీయకుండా పీకి ప్యాడ్ విరగ్గొడతారు. క్లిప్పులు రెండో మూడో విరుగుతాయి, బాధపడకు, ముందే ఓ పది కొని జేబులో వేసుకో. ప్యాడ్ ఒక్కసారిగా లాగకు, దాని వెనక అద్దం స్విచ్చి కప్లరు (వైర్లు కలిపే ప్లగ్గు), లాకు తీగ ఉంటాయి.

ప్యాడ్ వెనక పల్చటి ప్లాస్టిక్ కాగితం కనిపిస్తుంది, చుట్టూ నల్లటి బంకతో అంటించి ఉంటుంది. అచ్చం పనసపండు బంకే, ఒకసారి చేతికి పట్టిందంటే షర్టుకి, సీటుకి, జుట్టుకి. చేతులకి కొబ్బరినూనె రాసుకుంటే వదులుతుంది, కానీ ఆ నూనె రేకుకి మాత్రం తగలనివ్వకు, తర్వాత షీటు అంటదు.

కాగితం తీశాక చూడు, డోరు లోపలి రేకుకి తలకాయ పట్టేంత రంధ్రాలు ఉంటాయి. కంపెనీవాళ్లు అద్దం మిషను బిగించుకోవడానికి వదిలినవి. అసలు దొంగ ఇక్కడే ఉంది. స్పీకరు అట్ట ముందుకి కొట్టినప్పుడు వెనక గాలి పల్చబడుతుంది, వెనక్కి వచ్చినప్పుడు చిక్కబడుతుంది. ఆ వెనక గాలి ఈ రంధ్రాల్లోంచి బయటికొచ్చి ముందు గాలితో కలిసిపోతే రెండూ చెల్లు. డోలుకి ఒకవైపు తోలు చిరిగితే ఎలా మోగుతుంది? అలాగే. ఇంట్లో స్పీకరుకి పెట్టె ఎందుకుంటుందో, కార్లో డోరు అందుకే ఉండాలి. పెట్టెకి రంధ్రాలు పెట్టుకుని స్పీకర్లు మారుస్తూ పోతే ఏం లాభం చెప్పు.

చేయాల్సింది రెండు పనులు. ఒకటి, స్పీకరు వెనక కనిపించే బయటి రేకుకి బ్యూటైల్ డ్యాంపింగ్ షీటు (రేకు అదురు ఆపే రబ్బరు షీటు) అంటించడం, అల్యూమినియం రేకు పైన ఉండేది, రెండు మిల్లీమీటర్లది చాలు. రేకు మొత్తం కప్పక్కర్లేదు, పావు భాగం నుంచి మూడో వంతు చాలు, రేకు మధ్యలో పడాలి. ముందు స్పిరిట్‌తో తుడువు, అంటించాక చిన్న రోలరుతో గట్టిగా రుద్దు, గాలి బుడగ ఉండకూడదు. షీటు వేయకముందు వేలి కణుపుతో రేకు మీద కొట్టి చూడు, ఖాళీ నూనె డబ్బాలా టంగుమంటుంది. వేశాక లేత బోండాం మీద కొట్టినట్టు డబ్ అంటుంది. ఆ డబ్ వస్తే ఆగిపో, ఇంకా వేస్తే డోరు బరువు తప్ప ఒరిగేదేం లేదు.

రెండోది, లోపలి రేకు రంధ్రాలు మూయడం. పెద్దవాటికి అల్యూమినియం రేకు ముక్క కోసి మీద షీటు అంటించు, చిన్నవాటికి ఉత్త షీటు చాలు. అద్దం పైకీ కిందికీ రెండుసార్లు ఆడించి, లాకు కడ్డీలు ఎక్కడా తగలట్లేదని చూశాకే మూయి. ఆగు, అంతకంటే ముందు ఒక మాట. కొన్ని బండ్లలో పక్కనుంచి గుద్దితే ఎయిర్‌బ్యాగ్ తెరవడానికి డోరు లోపల గాలి ఒత్తిడి చూసే సెన్సరు ఉంటుంది. నీ బండిలో అది ఉందేమో సర్వీసు సెంటర్లో కనుక్కో. ఉంటే రంధ్రాలు మూయకు, ఆ కాగితాన్నే మళ్లీ శుభ్రంగా అంటించి బయటి రేకు పని వరకే చేసుకో. పాట కోసం ఎయిర్‌బ్యాగ్‌తో ఆటలొద్దు.

ప్లస్ ఏదో తెలియకపోతే, స్పీకరు వైర్లు విడదీసి, గోడగడియారం సెల్లు ఒకటి తీసుకుని వైర్లకి ఒక్క క్షణం తాకించు. అట్ట బయటికి గెంతితే సెల్లు ప్లస్ తగిలిన వైరే ప్లస్. స్టీరియోకి కలిసి ఉన్నప్పుడు ఈ పని చేయకు, చిప్ పోతుంది.


గౌతమి ఒడ్డు:

మాస్టారు చెప్పినదానికి నా వెధవ పని ఒకటి కలుపుతా, ఎవరికైనా పనికొస్తుంది. యానాం దగ్గర ఉంటాను. డ్యాంపింగ్ షీట్ల రేటు చూసి గుండె ఆగి, డాబా లీకులకి వేసే తారు షీటు కొనుక్కొచ్చి నాలుగు డోర్లకీ మెత్తాను. చాలా తెలివైనవాణ్ణి అనుకున్నాను. మే నెల ఎండకి బండి బయట పెడితే ఆ తారు మెల్లగా కారి డోరు అడుక్కి దిగింది. వాసన సరే, పిల్లలు బండెక్కనన్నారు. అసలు ముప్పు వానాకాలంలో తెలిసింది.

డోరు లోపలికి నీళ్లు రావడం మామూలే, అద్దం రబ్బరు సందులోంచి దిగి డోరు కింద అంచున ఉండే సన్న రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. నా తారు పోయి ఆ రంధ్రాల్లో కూర్చుంది. ఓరోజు ఎదుర్లంక వంతెన దిగి బ్రేకు వేస్తే డోర్లోంచి బిందెలో నీళ్లు కదిలినట్టు చప్పుడు! ప్యాడ్ విప్పితే జానెడు నీళ్లు. స్పీకరు అట్ట అడుగు నాని ఊడిపోయింది, స్పీకరు కింద వేసిన ఎండీఎఫ్ చెక్క రింగు పాలల్లో ముంచిన రస్కులా ఉబ్బింది. డోరు అడుగున తుప్పు పట్టి టింకరింగ్‌కి పెట్టిన ఖర్చుతో మంచి షీట్లు రెండు బండ్లకి వచ్చేవి.

కాబట్టి: తారు వద్దు. చెక్క రింగులు మన తేమకి వద్దు, ప్లాస్టిక్‌వి దొరుకుతాయి. పని అయ్యాక మగ్గుతో అద్దం సందులో నీళ్లు పోసి కింద నుంచి కారుతున్నాయో లేదో చూసుకున్నాకే ప్యాడ్ బిగించు.


తణుకు డీఎస్పీ:

@గౌతమి ఒడ్డు, రస్కు అన్నారు చూడండి, టీ తాగుతూ చదువుతున్నా, పొలమారింది.

కుర్రాడు గారూ, ఫోన్లో పాటలు ఎక్కడివి? ఫ్రెండ్సు వాట్సాప్‌లో పంపినవి, ఏవో సైట్లలో దించినవి అయితే ముందు అవి తీసేయండి. 128 కేబీపీఎస్ పాటని మళ్లీ 320గా మార్చి పెడతారు, ఫైలు సైజు పెరుగుతుంది తప్ప పోయిన ముక్క తిరిగిరాదు. తాళాల చప్పుడు విని చూడండి, ఇసుక రాల్చినట్టు వినపడితే అలాంటిదే. వీలైతే బ్లూటూత్ బదులు కేబుల్ పెట్టండి. బ్లూటూతే అయితే ఫోన్ వాల్యూమ్ నిండుగా పెట్టి కారులోది తగ్గించుకోండి, చాలామంది ఉల్టా చేస్తారు. ఈక్వలైజర్‌లో బాస్, ట్రెబుల్ అన్నీ సున్నాకి తెచ్చి మొదలుపెట్టండి, లౌడ్‌నెస్ ఆపేయండి. అప్పటికే 20 వాట్లు ఉన్న చిప్‌ని బాస్ ప్లస్ ఆరుకి పెట్టి అడిగితే ఆ మోతకి నాలుగింతలు కరెంటు కావాలి, ఎక్కణ్ణుంచి తెస్తుంది పాపం.

(డీఎస్పీ మాట మాత్రం వెనక్కి తీసుకోను.)


మలికిపురం కుర్రాడు:

పదకొండు రోజుల తర్వాత వస్తున్నాను, ముసురు వదల్లేదండి, నిన్న ఆదివారం ఎండ కాసింది. సర్వీసు సెంటర్లో అడిగాను, నా బండికి డోర్లో ఆ ఒత్తిడి సెన్సరు లేదన్నారు, పార్టు నంబర్ల పుస్తకం తీసి మరీ చూపించారు. అప్పుడే మొదలుపెట్టాను.

ఎడమ డోరుతో మొదలు. హ్యాండిల్ గుంటలో దాక్కున్న స్క్రూ మాస్టారు చెప్పకపోయుంటే ఖాయంగా విరగ్గొట్టేవాణ్ణి. క్లిప్పులు మూడు పోయాయి. లోపల చూస్తే, కంపెనీ కప్లరు కత్తిరించేసి వైర్లు మెలితిప్పి పైన ఇన్సులేషన్ టేపు చుట్టారు. టేపు ఎండకి జిగురు కారి సగం ఊడిపోయి ఉంది. కప్లరు ఉంచితే ఒక్క వైపే పడుతుంది, తప్పు జరిగే వీల్లేదు, అది కోసేసి చేత్తో కలిపారు కాబట్టే తారుమారైంది. నల్లచార వైరు మైనస్ అనుకుని కలిపారు, సెల్లు తాకిస్తే అట్ట లోపలికి పోయింది! ఇంకో తమాషా, స్పీకరు నాలుగు స్క్రూలకి రెండే బిగించారు, మిగతా రెండూ డోరు అడుగున దొర్లుతున్నాయి. ఆ గరగర సగం వాటిదే. మిగతా సగం ఊడిపోయిన ప్లాస్టిక్ కాగితానిది, బంక పట్టక రేకుకి కొట్టుకుంటోంది. అమ్మ రెండేళ్ల కిందట పోగొట్టుకున్న చెవి జూకా కూడా దొరికింది, అద్దం సందులోంచి ఎలా జారిందో. కాబట్టి ఇంట్లో నా ఆడియో పిచ్చికి ప్రస్తుతానికి పర్మిషన్ ఉంది.

వైర్లు సరిచేసి, కొత్త కప్లరు అడాప్టరు జత తెప్పించి వేశాను. ఈసారి కోత లేదు, కావాలంటే పాతవి మళ్లీ పెట్టేసుకోవచ్చు. షీటు వేశాక ఆ డబ్ చప్పుడు వచ్చిందండి, బోండాం పోలిక అచ్చు అదే. రంధ్రాలు మూశాను, మగ్గుతో నీళ్లు పోశాను, కింద నుంచి కారాయి. ఒక డోరుకి నాకు ఐదు గంటలు పట్టింది, రెండోదానికి రెండే. షీట్లు, కప్లర్లు, ప్లాస్టిక్ రింగులు, క్లిప్పులు, రోలరు అన్నీ కలిపి 4,650 అయింది. స్పీకర్లు ఆ 3,400వే ఉంచాను, కొత్తవి కొనలేదు.

సాయంత్రం నాన్నగారిని ఎక్కించుకుని చించినాడ వంతెన దాకా వెళ్లాను. ఏం చేశానో చెప్పలేదు. ఆయన పాట పెట్టాను. గొంతు రెండు డోర్ల నుంచీ కాకుండా డాష్‌బోర్డు మధ్య నుంచి వస్తోంది, మృదంగం తొప్పి దెబ్బ తొడకి తగులుతోంది. ఆయన కాసేపు ఏమీ అనలేదు. వంతెన మీదకి వచ్చాక "ఆ ఏసీ ఆపరా, వినపడట్లేదు" అన్నారు. ఏసీ రోజూ పెట్టే నంబరే, మూడు. ఇన్నాళ్లూ అనని మాట.

ఇప్పుడు వాల్యూమ్ 22 దగ్గరే సరిపోతోంది, 28 దాకా వెళ్లాల్సిన పనే పడట్లేదు. మాస్టారూ, ఇంకా పదివేలు చేతిలో ఉన్నాయి. ట్వీటర్లు వేసుకోనా? వెనక డోర్లకి కూడా షీటు వేయనా?


వైరింగ్ మాస్టారు:

జూకా దొరికింది కాబట్టి నా ఫీజు అందులో కొట్టేసుకో.

వెనక డోర్లు వదిలెయ్. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకి తప్ప వాటి అవసరం లేదు, ఫేడర్ రెండు గీతలు ముందుకి పెట్టి ఊరుకో. ట్వీటర్లు కూడా ఇప్పుడే వద్దు. నీకున్న స్పీకర్ల మధ్యలోనే చిన్నవి ఉన్నాయి, ఇంకో జత పెడితే చెవులు గుచ్చుకుంటాయి. మోకాలి దగ్గర్నుంచి వస్తోందని ఎప్పుడైనా మరీ బాధనిపిస్తే అప్పుడు ట్వీటరు విడిగా ఉండే కాంపొనెంట్ సెట్టు చూద్దాం, ఆ ఖాళీ మూతల చోటే పడుతుంది. ముందు అద్దం పక్క స్తంభంలో పెడతామంటే మాత్రం ఒప్పుకోకు, కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (పక్క అద్దాల మీదికి తెరలా దిగేది) ఉన్న బండ్లలో అది తెరుచుకునే దారికి అడ్డు రావచ్చు.

ఇంక నిజంగా చేతులు దురదపెడుతుంటే వెనక నంబరు ప్లేటు అదరకుండా దాని కింద డబుల్ టేపు ముక్క అంటించు, టైర్లలో గాలి చూపించు, ఎక్కువ కొట్టించి ఉంటే రోడ్డు మోత పెరుగుతుంది. రోడ్డు మోత మూడు డీబీ తగ్గిందంటే రెట్టింపు యాంప్ కొన్నంత లాభం.

పదివేలు అలా ఉంచుకో. సంక్రాంతి రెండు నెలల్లో ఉంది, భీమవరంలో ఉద్యోగం, ఎక్కడికి పోతాయో నాకు తెలుసు.


తణుకు డీఎస్పీ:

పందేల్లో పోకుండా ఏమైనా మిగిలితే కనుమ మర్నాడు నాకు మెసేజ్ పెట్టండి. తణుకు దాకా వచ్చి నా బండిలో ఒక్క పాట వినండి చాలు.


లాకుల వీధి బాబాయ్:

ఏసీ ఆపి అద్దాలు దించమన్నారా నాన్నగారు? నేను మొదట్లోనే చెప్పాను.